పదికి ఎన్ని?

మా ముత్తాత రాఘవయ్యగారు వినుకొండ దగ్గర ఆరు ఊళ్ళకు మునసబు. మా ఇంటి ఆడవాళ్ళు పరాయివాళ్ళ ముందు కూర్చోరు. అందుకే భార్యాభర్తలను ఏటా విడివిడిగా ప్రశ్నించే సర్వేకు మూడేళ్ళు నేనొక్కణ్ణే జవాబిచ్చాను.

నిరుడు పెరట్లో కూలీలు తాలు మిరపకాయలు ఏరుతుండగా సర్వే అమ్మాయి వచ్చింది.

"మేడమ్ గారి జవాబులన్నీ ఖాళీ అండి."

"కాపురంలో సంతోషానికి నేను పదికి పది వేశాగా. ఆవిడకూ అదే వేసుకో."

"అలా వేయకూడదండి. ఆవిడలాంటి ఆడవాళ్ళ జవాబులు చూసి అంచనా కడతాం."

"మా ఇంటి ఇల్లాలి లాంటివాళ్ళు జిల్లాలో ఎవరున్నారు?" అన్నాను.

లోపల్నుంచి నా భార్య వచ్చింది. "అంచనా ఎందుకమ్మా, నేను బతికే ఉన్నాగా. సున్నా వేసుకో. మూడేళ్ళకీ సున్నాయే."

కూలీలు పగలబడి నవ్వారు.

ఆవిడను అడగనివ్వని ప్రశ్నకు జవాబు నాకు తెలుసనుకున్నాను. ఆ నెలలోనే ఆవిడ పుట్టింటికి వెళ్ళిపోయింది. భరణం కోసం వాగు పక్క రెండెకరాల పత్తి చేను అమ్మాను.