మసి లేని దుప్పటి

ఆస్పత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో ఆమెకు ఇద్దరు శత్రువులు. ఒకరు ఓనరు, రెండోది వీధి చివరి బొగ్గు ప్లాంటు పొగగొట్టం. ఓనరునైనా ఒక్కోసారి క్షమించేది గానీ గొట్టాన్ని ఏనాడూ క్షమించలేదు. డాబా మీద తెల్లగా ఆరేసిన దుప్పటికి సాయంత్రానికల్లా మసి చుక్కలు పడేవి. మడతపెట్టే ముందు ప్రతి దుప్పటినీ అంచు పట్టుకుని వెలుతురుకెత్తి చూసేది. చుక్క కనబడిందా, గొట్టాన్ని ఏడు తరాలు కలిపి తిట్టి, దుప్పటిని మళ్ళీ తొట్లో పడేసేది. తోటివాళ్ళు ఆమెకు ‘మసి మంత్రి’ అని పేరు పెట్టారు.

నిజానికి ఆమె కోపం దుప్పట్ల గురించి కాదు, చెల్లెలి గురించి. తల్లి పోయాక చంకనేసుకుని పెంచిన పిల్ల. ఆ పొగకి దాని గుండెల్లో ఎప్పుడూ పిల్లికూతలే. అందుకే వీధి వాళ్ళని పోగేసి ప్లాంటు గేటు ముందు బైఠాయించింది, కాళ్ళరిగేలా ఆఫీసుల చుట్టూ తిరిగింది. చివరికి ఊళ్ళో ఉన్న గొట్టాలన్నిటికీ పొగ వడకట్టే యంత్రాలు పెట్టారు. కొన్నాళ్ళకి మసక విడిపోయి ఆకాశం నీలంగా బయటపడింది.

“అక్కా, మెట్లెక్కినా ఆయాసం రావట్లేదే! నేనూ నీతో పనిలోకొస్తా” అంది చెల్లెలు. మసి మంత్రి ఆనందానికి పట్టపగ్గాల్లేవు.

అదివరకు మసక ఎండలో దుప్పట్లు తాపీగా ఆరేవి. అవి ఆరేలోపు అందరూ మెట్ల కింద నడుం వాల్చేవాళ్ళు. ఇప్పుడు చివరి తాడు మీద ఆరేసేసరికి మొదటి తాడు మీదవి ఫెళఫెళలాడుతున్నాయి. ఓనరు చేతులు రుద్దుకుంటూ వచ్చాడు. “ఎండ ఊరికే వస్తోంది కదమ్మా, ఇంకో విడత వేద్దాం.” ఆ ఎండ తను పోరాడి తెచ్చుకున్నదాయె, గర్వంగా తలూపింది. దాంతో నడుం వాల్చడం పోయింది. పోయినట్టు ఎవరూ గమనించను కూడా లేదు.

ఆ రోజుల్లోనే ఎండని కొలిచే పరికరం బిగించడానికి వాతావరణ కేంద్రం నుంచి ఒకమ్మాయి డాబా ఎక్కింది. ఎండ ఇంతలా ఎందుకు మండుతోందని మసి మంత్రి ఆమెని అడిగింది.

“ఆ పొగలో రెండున్నాయండీ. సన్నటి రేణువులు ఎండని కొంత పైకి తిప్పికొట్టేవి. కంటికి కనబడని వాయువేమో వేడిని పట్టి ఉంచుతుంది. మీరు ఆపించింది రేణువుల్ని. వాయువు ఇంకా వస్తూనే ఉంది, వచ్చిందేమో వందల ఏళ్ళు పోదు. ఇన్నాళ్ళూ మసక చాటున దాగిన వేడి ఇప్పుడు బయటపడుతోంది. మన ఊళ్ళోనే కాదు, ప్రపంచమంతా ఇంతే.”

“అయితే మళ్ళీ ఆ పొగే పీల్చమంటావా తల్లీ?”

“అయ్యో, అది కాదండీ! మీరు చేసింది మంచిదే. మధ్యాహ్నం మాత్రం పైన ఉండకండి.”

“ఎండకి భయపడితే లాండ్రీ నడిచినట్టే!” అని నవ్వి ఊరుకుంది.

వారం తిరక్కుండానే, మిట్టమధ్యాహ్నం రెండో విడత ఆరేస్తుండగా కింద మిషను ఆగింది. “నువ్వెళ్ళక్కా, ఈ తాడు పూర్తిచేసి వస్తా” అంది చెల్లెలు. “సరే, కానీ” అని దిగిపోయింది మసి మంత్రి. మళ్ళీ పైకొచ్చేసరికి చెల్లెలు తాడు కింద పడి ఉంది. ఒళ్ళు పెనంలా కాలుతోంది, చెమట చుక్క లేదు. బకెట్లతో నీళ్ళు గుమ్మరించారు, ఆటోలో ఆస్పత్రికి పరిగెత్తించారు. ప్రాణం నిలవలేదు.

“దీనికంటే ఆ పాడు పొగే నయం కదే” అంది వెంట వచ్చిన పక్కింటావిడ, కళ్ళొత్తుకుంటూ.

“నోర్ముయ్! ఆ పొగైతే ఎప్పుడో చంపేసేది. ఆ వాతావరణ కేంద్రం అమ్మాయి చిలక్కి చెప్పినట్టు చెప్పింది, మధ్యాహ్నం పైన ఉండొద్దని. నేనే వినలేదు. ‘సరే, కానీ’ అన్నాను. కిందికి రావే అననేలేదు.”

నర్సు వచ్చి చెల్లెలి మీద దుప్పటి కప్పి వెళ్ళింది. ఆమె ముందుకెళ్ళి అలవాటు కొద్దీ దాని అంచు పట్టుకుంది. కిటికీ వెలుతురుకెత్తి ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసింది. తన చేత్తో ఉతికిన దుప్పటే. వెతికి వెతికి చూసినా ఒక్క మసి చుక్క కూడా లేదు.