చలిజ్వరానికి నా తల పేను

నా చదువులో రెండు నెలలు కామారెడ్డిలో గడిచాయి. హైదరాబాదులో వైద్యం చదివేవాళ్లను ఏడాది చివర జిల్లాల్లోని ఏదో ఒక దవాఖాన ల్యాబుకు పంపేవారు. నెత్తురు, మలం, మూత్రం పరీక్షించడం మా చేతులతో మేమే నేర్చుకోవాలని. మగపిల్లలకు పెద్ద ఊళ్లు దొరికాయి. మా తరగతిలో ఆడపిల్లలం ఇద్దరమే. రెండో అమ్మాయికి పెళ్లి కుదిరి తప్పుకుంది. మిగిలింది నేను, నాకు మిగిలింది కామారెడ్డి. "దవాఖాన పక్కనే నర్సమ్మ ఇల్లు, అక్కడే ఉంటావు, ఏం భయం లేదు" అన్నారు మా పెద్దసారు. భయం సంగతి దేవుడెరుగు, నాకు ఒళ్లు మండింది.

ల్యాబు అంటే దవాఖాన వెనక ఒకే గది. అందులో కిటికీ దగ్గర ఒక బల్ల, దాని మీద ఇత్తడి ఖుర్దబీను. చిన్నవాటిని పెద్దవిగా చూపే యంత్రాన్ని అప్పుడు మేం అలాగే అనేవాళ్లం, మా చదువంతా ఉర్దూలోనే కదా. ఆ గదికి యజమాని ఒక ముసలాయన. మెత్తటి గడ్డం, గట్టి నిద్ర. అందరూ ఉస్తాద్ అనేవారు, నేనూ అలాగే పిలిచాను. నేను ఏం నేర్చుకున్నానో చివర కాగితం మీద రాసి దస్తఖతు పెట్టేది ఆయనే.

చలిజ్వరం కాలం అది. రోజూ తాడ్వాయి నుంచి, రాజంపేట నుంచి బండ్లలో జనం వణుక్కుంటూ వచ్చేవారు. వేలి కొసన పొడిచి ఒక చుక్క నెత్తురు గాజుపలక మీద పూసి, రంగు వేసి, ఖుర్దబీను కింద పెట్టి పురుగు ఉందో లేదో చెప్పాలి. ఉంటే వారం రోజుల క్వినైను గోలీలు పొట్లం కట్టి ఇవ్వాలి. వారం రోజులూ మింగేలా చూడటం కూడా నా నెత్తినే వేశారు ఉస్తాద్. అక్కడే వచ్చింది తంటా. ఆ గోలీ చేదు ఎలాంటిదంటే, ఒకటి మింగినవాడు రెండోదాన్ని గోడ అవతలకు విసిరేవాడు.

పైగా వాళ్లకు నా మాట మీద నమ్మకం లేదు. కామారెడ్డి అంగట్లో బెల్లం ముద్ద గిల్లి నోట్లో వేసుకోనిదే బేరం మొదలుపెట్టని మనుషులు, పట్నం పిల్ల గొట్టంలోకి చూసి "నీ నెత్తురులో పురుగుంది" అంటే ఊరుకుంటారా?

"ఏదీ, సూపియ్" అనేవారు.

చూపించేదాన్ని. నిజమైన చలిజ్వరపు పురుగు నెత్తురులోని ఎర్రటి బిళ్లలో ఒక ఊదారంగు చుక్క. ఆవగింజ దాని ముందు గుమ్మడికాయ. రాజంపేట నుంచి వచ్చిన ఒక రైతు ఒక కన్ను మూసి, ఇంకో కన్ను మూసి, చివరికి రెండూ తెరిచి నా ముఖం చూశాడు.

"గీ చుక్కనా నన్ను పదిరోజులు మంచంల వడేసింది? నీకేమన్న మతి ఉన్నదా బిడ్డా?" అని పొట్లం బల్ల మీదనే పెట్టి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం కోపంతో తల బరుక్కుంటుంటే చేతికి ఒక పేను తగిలింది. దాచడమెందుకు, హాస్టల్లో ఒకరి తల నుంచి ఒకరి తలకు పాకి నా జడ దాకా వచ్చిన సంతానం అది. ఊరికే, ఆడుకోవడానికి, దాన్ని నూనె చుక్కలో వేసి ఖుర్దబీను కింద పెట్టాను. అబ్బో! ఆరు కాళ్లు, కాలి కొసన ఒక్కో కొండి, అద్దంలాంటి పొట్ట, ఆ పొట్ట నిండా నల్లటి నెత్తురు. కాళ్లు తన్నుకుంటోంది. నాకే ఒళ్లు జలదరించింది. తరువాత నవ్వు వచ్చింది. ఆ తరువాత ఆలోచన వచ్చింది.

మర్నాటి నుంచి ఉస్తాద్ భోజనం చేసి కునుకు తీసే వేళకు నా దుకాణం తెరిచేదాన్ని. చలిజ్వరం ఉన్నట్టు తేలినవాళ్లను పిలిచి, "ఇదిగో, నీ నెత్తురులో ఉన్నది ఇదే" అని పేనును చూపించేదాన్ని. నా తలకు ఎగబాకే పని తప్పిపోయి దానికి కొత్త కొలువు దొరికింది. పాతది చచ్చిపోతే కొత్తది, సరుకుకు ఏం కొదవ!

"వామ్మో, గిది తేలుపిల్ల!" అని వెనక్కి పడ్డాడు ఒకాయన. ఇంకో పెద్దమనిషి చాలాసేపు చూసి, "ఇది ఆడిదా, మొగదా?" అని అడిగాడు. ఆడదే అన్నాను. "అనుకున్న" అని గోలీ నోట్లో వేసుకున్నాడు. ఒకామె తన మొగుడికి చూపిస్తాను, గాజుపలక ఒక్క పూటకు ఇమ్మని పట్టుపట్టింది. చూసినవాళ్లు చూడనివాళ్లకు చెప్పారు. జ్వరం లేనివాళ్లు కూడా పురుగును చూడటానికి వచ్చారు. అసలు సంగతి ఏమిటంటే, వారం గోలీలు వారమూ మింగారు. ఒక్క పొట్లం గోడ దాటలేదు. ఉస్తాద్ నన్ను చూసి, "నీ చేతిల ఏదో మహిమ ఉన్నది బేటీ" అంటే, నేను తల వంచుకుని సిగ్గు నటించాను. నా అంత తెలివైనది నిజాం రాజ్యంలో ఇంకొకతె లేదని మూడు వారాలు గట్టిగా నమ్మాను.

అప్పుడు ఒక తల్లి వచ్చింది. తాడ్వాయి దగ్గరి పల్లె, ఇరవై అయిదేళ్లు ఉంటాయేమో. చంకలో ఆరేళ్ల ఆడపిల్ల. రోజు విడిచి రోజు చలిజ్వరం, ఎడమ పక్క కడుపులో బల్ల, అదే ప్లీహం, పెరిగి గట్టిగా చేతికి తగులుతోంది. పిల్ల వేలు పొడిచి చూశాను. ఎర్రబిళ్లల నిండా చుక్కలే. తల్లిని పిలిచి మామూలుగా నా పేనును చూపించాను.

ఆమె అరవలేదు, వెనక్కి పడలేదు. చాలాసేపు చూసి అడిగింది.

"గిది ఒక్కటేనా, ఇంకున్నయా?"

"మందలు మందలు!" అన్నాను నేను హుషారుగా.

ఆమె అరచేతిలోని గోలీని చూసింది. మళ్లీ గొట్టంలోకి చూసింది. "గంత పురుగు, గింత గోలీ" అని తనలో తాను అనుకుంటూ పిల్లను ఎత్తుకుని వెళ్లిపోయింది. నా ఆట బాగా రక్తికట్టిందని మురిసిపోయాను.

వారం కాకముందే, ఒక గురువారం మధ్యాహ్నం ఆమె పెనిమిటి వచ్చాడు. పొట్లం ఒక్క గోలీ తగ్గకుండా అట్లాగే తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"సర్కారు మందు గదమ్మా, పారేస్తే పాపం. వాపస్ తీస్కోండ్రి."

"పిల్లకు వెయ్యలేదా?" అన్నాను.

"మా ఆడిది ఎయ్యనియ్యలే. గంత పెద్ద పురుగుకు గీ గోలీ ఏం సరిపోతది అన్నది. కొండీలున్నయట గద, కడుపుల పట్టుకొని కూసుంటదట. నిప్పు తలిగితెనే ఇడుస్తది అని బిడ్డను తీస్కొని ఎల్లారెడ్డికి, తల్లిగారింటికి పోయింది. ఆడ ఒక అవ్వ వాతలు వెడతది. రేపు శుక్రారం గద, పొద్దుగాల ఒకటి, పొద్దుగూకంగ ఒకటి, తెల్లారి ఒకటి. మూడు వాతలకు పురుగు మసైపోతదట."

పసుపుకొమ్మును దీపంలో ఎర్రగా కాల్చి కడుపు మీద అద్దుతారు, చిన్నప్పుడు మా వీధిలో చూశాను. ఆరేళ్ల ఈ పిల్ల అరుపు అప్పుడే చెవిలో పడ్డట్టయింది. మూడు గంటలకు ఎల్లారెడ్డి బస్సు ఉంది. నేను లేచి దాన్ని ఎక్కి ఉండాల్సింది. ఎక్కలేదు. ఉస్తాద్‌కు ఏమని చెప్పాలి? నా కాగితం మీద ఆయన దస్తఖతు పెట్టకపోతే? ఏడాది చదువు పోతే మా నాయన మళ్లీ పంపుతాడా? ఇట్లా నా గురించే లెక్కలు వేసుకుంటూ కూర్చున్నాను. బస్సు వెళ్లిపోయింది. శుక్రవారం తెల్లవారగానే వెళ్లి ఉస్తాద్ ముందు నిలబడి అంతా చెప్పేశాను.

ఆయన వినీ వినీ చివరికి ఒకే మాట అడిగారు. "పేను ఎవల్ది?"

"నాదే."

కుర్చీని రెండు జానలు వెనక్కి జరుపుకున్నారు. తరువాత లేచి, ఖుర్దబీనును చెక్కపెట్టెలో పెట్టి నా చేతికి ఇచ్చారు. "పిల్ల నెత్తురు పూసిన పలక, గోలీల పొట్లం గూడ తీస్కో. నేను రాను. నువ్వే పో, నువ్వే చెప్పు. దస్తఖతు సంగతి తర్వాత" అన్నారు. గొంతు పెంచలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

పెట్రోలు దొరకని యుద్ధపు రోజులు. బొగ్గు పొగతో నడిచే బస్సు తాడ్వాయి దాకా దగ్గుకుంటూ వెళ్లి అక్కడ ఆగింది. బొగ్గు కుంపటిని ఊదారు, కెలికారు, బస్సును బూతులు తిట్టారు. నేను పెట్టెను ఒడిలో పెట్టుకుని బస్సును, డ్రైవరును, యుద్ధాన్ని అందరినీ తిట్టుకున్నాను. తిట్టాల్సిన మనిషి ఎవరో తెలుసు కనుకనే అంత గట్టిగా తిట్టుకున్నాను. ఎల్లారెడ్డి చేరేసరికి మధ్యాహ్నం దాటింది.

ఆమె తల్లిగారి ఇల్లు అడిగి పట్టుకున్నాను. వాకిట్లో నులకమంచం మీద పిల్ల పడుకుని ఉంది, ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బాయి. పక్కన తల్లి. అరుగు మీద వాతలు పెట్టే అవ్వ, పండు ముసలిది, మెత్తని చేతులతో పిల్ల కాళ్లు ఒత్తుతోంది. పొద్దుటి వాత పడిపోయింది. సాయంత్రం వాతకు పసుపుకొమ్ము గూట్లో సిద్ధంగా ఉంది.

"అక్కా, వాతలు ఆపు. నేను చూపించింది అబద్ధం" అన్నాను. పెట్టె విప్పి, ఎండ పడే చోట ఖుర్దబీను నిలబెట్టి, పిల్ల నెత్తురు పలక పెట్టాను. "ఇది చూడు. ఆ ఊదా చుక్కే అసలు పురుగు. దానికి ఈ గోలీ చాలు."

ఆమె చూసింది. లేచి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"నన్ను ఎర్రిదాన్ని జేస్తున్నవా? గీ చుక్క నా బిడ్డను గిట్ల జేసిందా? మొన్న నా కండ్లతోని సూసిన, ఆరు కాళ్లు, కొండీలు! గిప్పుడు గోలీలు మింగియ్యనీకె చుక్క సూపిస్తున్నవ్. పో, నీ చుక్క నువ్వే మింగు."

ఇరుగుపొరుగు గోడల మీదికి తలలు పెట్టారు. ఇక ఒకటే దారి. వాకిట్లో అందరి ముందూ జడ విప్పాను. "మొన్న నువ్వు చూసింది పేను అక్కా. నా తలలో పేను. ఇప్పుడే తీసి చూపిస్తా" అని వెతకడం మొదలుపెట్టాను. మూడు వారాలు పిలిస్తే పలికిన పేన్లు ఆ పూట ఎక్కడ దాక్కున్నాయో! బరికాను, గోకాను, దులిపాను. ఒక్కటీ చేతికి రాలేదు. గోడ మీది తలలు కిసకిసలాడాయి.

"గట్ల గాదు, ఇటు రా" అని అవ్వ నన్ను కింద కూర్చోబెట్టి తల ఒళ్లోకి లాక్కుంది. పాయ తీసిందో లేదో, టప్! అలవాటు కొద్దీ రెండు గోళ్ల మధ్య చంపేసింది.

"అవ్వా, చంపకు!" అని అరిచాను.

"ఓసి నీ ఇల్లు బంగారం గాను, పేనును సాకుతరా ఎవలన్న!" అని నవ్వి, రెండోదాన్ని ప్రాణంతో నా అరచేతిలో పెట్టింది.

నూనె చుక్క వేసి దాన్ని గొట్టం కింద పెట్టాను. ముందు అవ్వ చూసింది. "అవ్, పేనే" అని పక్కకు జరిగింది. తల్లి వంగింది. చాలాసేపు లేవలేదు. "గిదే" అంది. "మొన్న సూసింది గిదే."

వాకిలంతా గొల్లున నవ్వింది. పట్నం డాక్టరమ్మ తలలో పేన్లట! నేనూ నవ్వబోయాను. ఆమె నవ్వలేదు. మంచం దగ్గరికి వెళ్లి పిల్ల రైక పైకెత్తింది. బల్ల ఉన్న చోట, రూపాయంత మేర, తోలు లేచి నీరు కారుతోంది.

"సూడు. పేను నీది, వాత నా బిడ్డది" అంది. "నిన్న వస్తే ఏమయితుండె?"

నిన్న మధ్యాహ్నం బస్సు సంగతి ఆమెకు తెలియదు. అయినా సరిగ్గా అదే అడిగింది. నేను అక్కడే కూలబడి ఏడ్చాను. ఆమె నన్ను ఓదార్చలేదు. నీళ్ల చెంబు తెచ్చి, పొట్లంలోంచి గోలీ తీసి పిల్ల నోట్లో వేసింది.

ఉస్తాద్‌కు కబురు పంపి పది రోజులు ఎల్లారెడ్డిలోనే ఉండిపోయాను. రోజూ వెళ్లి గోలీ వేసి, వాతకు మందు రాసేదాన్ని. అయిదో రోజుకు చలి రావడం ఆగింది. పదో రోజుకు పిల్ల వాకిట్లో గంతులేసింది. నాకో పేరు కూడా పెట్టింది, పేనక్క అని. వీధి మలుపులో నన్ను చూడగానే, "పేనక్కొచ్చింది, పేనక్కొచ్చింది" అని రైక మీద చెయ్యి అడ్డం పెట్టుకుని ఉరికేది. ఉరికి, తనకు వాత పెట్టిన అవ్వ ఒళ్లోనే దాక్కునేది.