చెదల మామయ్య అడిగిన మాట

మా మామయ్య చీమకు కూడా హాని తలపెట్టడని అందరూ అంటారు. అన్న వెంటనే నవ్వుతారు కూడా, ఎందుకంటే ఆయన బతుకుతెరువు చెదలకు మందు వెయ్యడం. మా అమ్మకు తమ్ముడు. అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తులేదు, చెదల మామయ్య అంటేనే తెలుస్తుంది. గోడ అడుగున వరసగా కన్నాలు పెట్టి, గొట్టంతో మందు దింపి, సిమెంటు పూడ్చి, మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని టీ తాగుతాడు. తలుపు చట్రాన్ని స్క్రూడ్రైవర్ పిడితో తట్టి లోపల డొల్ల ఎంతదాకా పోయిందో చెప్తాడు. ఇందులో గొప్పేమీ లేదు, ఆ పని చేసేవాళ్ళందరూ చెప్తారు.

అత్తయ్య వేరే రకం. ఒకప్పుడు ఆవిడ నోటికి భయపడి పాలవాడు గంట కొట్టకుండానే పాలు పెట్టి పోయేవాడు. వాళ్ళమ్మ పోయాక మనసు నిలవక, వీధి చివరి బౌద్ధ మందిరానికి వెళ్ళడం మొదలుపెట్టింది. పంచశీల తీసుకుంది, ప్రాణం తీయనన్న మాటతో మొదలయ్యే ఐదు శీలాలు. మొదట మారింది ఆవిడ మాట. మనం మాట్లాడే భాష ఎంత కిరాతకమైనదో ఆవిడ మానేశాకే నాకు తెలిసింది. ప్రాణం తోడెయ్యడం, చంపుకు తినడం, నవ్వలేక చావడం, ఇవేవీ ఆ ఇంట్లో మళ్ళీ వినపడలేదు. ఆకలి చంపేస్తోంది అత్తయ్యా అని నేనంటే, "ఆకలేస్తోందను, చాలు" అనేది. బొద్దింక కనపడితే అట్టముక్క మీదికి ఎక్కించి, కిటికీలోంచి పక్కింటి వైపు వదిలేది. పక్కింటావిడ చెప్పు ఎప్పుడూ చేతికి అందేంత దూరంలోనే ఉండేది. ఆ సంగతి అత్తయ్య ఆలోచించలేదో, ఆలోచించదలుచుకోలేదో నాకు తెలియదు.

మామయ్య పని బట్టలను అత్తయ్య విడిగా ఒక నీలం బకెట్లో ఉతకడం మొదటినుంచీ ఉన్నదే. మందు బట్టలు కదా. కానీ పంచశీల వచ్చాక ఆ బకెట్టు చూస్తే మామయ్య ముఖం చిన్నబోయేది. అత్తయ్య ఒక్క మాట అన్నది లేదు. అనకపోవడమే ఆయన్ను తినేసింది.

ఆవిడ పక్కన కూర్చోవాలని ఆయనకు ఎంత ఆశో నాకు తెలుసు. మందిరానికి వెంట వెళ్ళేవాడు, చెప్పుల దగ్గర చివరి వరసలో కూర్చునేవాడు. అందరూ శీలాలు చెప్పే వేళకి, బండి చూసొస్తానని లేచి పోయేవాడు. బండికేం కాలేదు. "పొద్దున్నే తప్పబోయే మాట సాయంత్రం ఇవ్వడం దేనికే?" అన్నాడు నాతో.

అక్కడి భిక్షువును అందరూ భంతే అని పిలుస్తారు. సన్నటి మనిషి, నెమ్మదిగా మాట్లాడతారు. కర్మ చేతిలో లేదు, తలపులో ఉంది అని ఒకరోజు చెప్పారు. ఆ మాట మామయ్యకు ముల్లులా గుచ్చుకుంది. దారంతా అదే గోల. "నాకు చెదల మీద కోపం లేదే. గోడ నిలబడాలి, అంతే. మరి పాపం నాకంటుతుందంటావా?" నేనేం చెప్పను? ఫ్యాను కింద కునుకు తీసి వచ్చినదాన్ని.

అలాంటి రోజుల్లో మందిరం దూలానికి చెదలు పట్టాయి. ప్రాణిని చంపమని భిక్షువులు ఎవరికీ చెప్పకూడదు. ఉన్న సంగతి చెప్పి ఊరుకుంటారు, మిగతాది గృహస్థులు అర్థం చేసుకోవాలి. ఇది ఎప్పటినుంచో వస్తున్న పద్ధతట. భంతే కూడా అలాగే, "దూలంలో చెదలున్నాయి. చూడవలసినవారు చూడండి" అన్నారు. అందరి తలలూ ఒక్కసారి చెప్పుల వైపు తిరిగాయి.

మామయ్య నిచ్చెనెక్కి తట్టి చూశాడు. సగం దాకా డొల్ల. వడ్రంగి వచ్చి, కింద మట్టిలో మందు పడకుండా కొత్త దూలం వేస్తే అదీ వాటి నోట్లోకే పోతుందన్నాడు.

"మందు నేను వేస్తాను" అన్నాడు మామయ్య, నిచ్చెన దిగి. "కానీ ఒక్కరు నోరు తెరిచి చంపమని చెప్పండి. మీరెవరూ అనరు, నేను చేస్తాను, పాపం నా ఒక్కడి నెత్తినా? ఈసారి అలా కుదరదు."

పిల్లి మెడలో గంట కట్టేదెవరు? ఒకాయన గొంతు సవరించుకున్నాడు. ఒకావిడ చాప దులుపుకుంది. వయసైపోయిన దర్జీ ఒకాయన, "అంటే, తగిన ఏర్పాటు చెయ్యమనే కదా మా అందరి అభిప్రాయం" అన్నాడు. పాము చావకూడదు, కర్ర విరగకూడదు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ తర్వాత రోజురోజుకీ చాపలు దూలం కిందనుంచి ఇవతలికి జరిగాయి. జనమంతా ఒకరి మోకాళ్ళు ఒకరికి తగిలేలా గోడవారన ఇరుక్కుని ప్రశాంతంగా కళ్ళు మూసుకునేవారు. దూలం కింద బుద్ధుడొక్కడే మిగిలాడు.

ఇంట్లో మామయ్య అత్తయ్యను అడిగాడు. "నువ్వైనా అను. నా కోసం."

"మీరు మాత్రం ఏనాడు అన్నారు?" అంది అత్తయ్య. "ఇన్నేళ్ళూ మందు వేసొచ్చానన్నారే గానీ, చంపొచ్చానని ఒక్కనాడైనా అన్నారా?"

మర్నాడు మామయ్య నన్ను వెంటబెట్టుకుని భంతే దగ్గరికి వెళ్ళాడు. ఆయన వాకిలి ఊడుస్తున్నారు.

"మీరు చెప్పలేరని తెలుసండీ" అన్నాడు మామయ్య. "కనీసం వద్దనండి. మానేస్తాను."

భంతే చీపురు గోడకు ఆనించారు. "అదీ అనలేను. ఆ కప్పు కింద మనుషులు కూర్చుంటారు. చెయ్యమననందువల్ల నా చేతులు శుభ్రంగా ఉన్నాయని మాత్రం అనుకోకండి. దూలం సంగతి చెప్పిన రోజే నా తలపులో మీరున్నారు. అది నాకు తెలుసు."

మామయ్య ఆయనతో దెబ్బలాడదామని వెళ్ళాడు. దెబ్బలాడ్డానికి ఏమీ మిగల్లేదు.

ఆ వారమే, అందరూ కళ్ళు మూసుకుని ఉండగా, పైనుంచి చెక్క పెచ్చు ఒకటి ఊడి దర్జీ భుజాన్ని రాసుకుంటూ పడింది. పెద్ద దెబ్బేం కాదు. ఆయన చొక్కా మీద మట్టి, అందులో తెల్లటి చెదలు గిలగిలలాడుతున్నాయి. ఎవరూ దులపలేదు. దులిపితే ఏమవుతాయో అని అందరికీ భయం. అప్పుడు అత్తయ్య లేచింది. చివరి వరస దాకా నడిచొచ్చి మామయ్య ముందు నిలబడింది.

"చంపండి" అంది.

"మందు వెయ్యమంటోంది" అన్నారెవరో సర్దుతూ.

"చంపమన్నాను. అన్నిటినీ. నేనే చెప్తున్నాను."

మర్నాడు మామయ్య కన్నాలు పెట్టి మందు దింపాడు. పని ఎప్పటిలాగే శుభ్రంగా చేశాడు. చేతులు కడుక్కున్నాడు. టీ ఇస్తే వద్దన్నాడు.

దూలం మార్చాక చాపలు మళ్ళీ మందిరమంతా పరుచుకున్నాయి. ఆ సాయంత్రం మామయ్య మొదటిసారి అత్తయ్య పక్కన కూర్చున్నాడు, పెళ్ళిపీటల మీద కూర్చున్నంత బిగుసుకుపోయి. శీలాల వేళకి లేవలేదు. ప్రాణం తీయనని అందరూ మొదటి శీలం చెప్తున్నారు. అత్తయ్య పెదవులు కదల్లేదు. తక్కిన నాలుగూ చెప్పింది. వెనకనుంచి నేను చూశాను. పక్కనుంచి ఆయనా చూశాడు.

"ఎందుకనలేదే?" అని అడిగాడు బయటికొచ్చాక.

"పొద్దున్న మీకు పనుందిగా" అంది, చెప్పులు వెతుక్కుంటూ. "ఇంక నాకూ ఉన్నట్టే."

ఇది జరిగి చాలాకాలమైంది. ఆవిడ ఇప్పటికీ నాలుగే చెప్తుంది. భంతే అడగరు. నీలం బకెట్లో బట్టలు మామయ్యే ఉతుక్కుంటున్నాడు. ఆవిడ చెయ్యి పెట్టబోతే ఊరుకోడు.

మొన్న మా ఇంటి గోడకు మందు వేయడానికి వచ్చినప్పుడు, కన్నాల్లో సిమెంటు కూరుతూ తల ఎత్తకుండా అన్నాడు: "ఆవిడ కూడా ఒక చెయ్యి వేస్తే పాపం సగమవుతుందనుకున్నానే. నాది నాకు అంతే ఉంది. ఆవిడకి కొత్తగా ఒకటి తగిలించాను."