టీచరమ్మ, పుట్టగొడుగుల పొడి, ఒక సాక్ష్యం

టీచరమ్మ పోయారని ఆమె కూతురు ఫోన్ చేసి చెప్పింది. "అక్కా, మమ్మీ లేదక్కా" అని ఒక్క మాట అని, ఏడవడానికి కూడా ఓపిక లేనట్టు ఫోన్ పెట్టేసింది. నాచారంలో మా సందు చివరి ఇల్లు వాళ్ళది. నేను ఉప్పల్‌లో పని దగ్గర ఉన్నాను. ఆటో పట్టుకుని వచ్చేసరికి ఇంటి ముందు షామియానా కడుతున్నారు, కుర్చీలు దింపుతున్నారు. వచ్చినవాళ్ళందరిదీ ఒకటే మాట: "ప్రభువు పిలుచుకున్నడు." నాకు ఒళ్ళు మండింది. ఆమె బీపీ గోళీలు మానేశారు, మెదడులో నరం చిట్లింది, పోయారు. ఎవరినీ ఏమీ అడగలేక ప్రతిదానికీ ప్రభువును ముందుకు తోయడం ఏం భక్తో నాకు అర్థం కాదు.

చనిపోయినవారి గురించి మెత్తగా రాయాలంటారు. నాకు మెత్తదనం రావడం లేదు. పోయినోళ్ళంతా మంచోళ్ళే అని సామెత. టీచరమ్మ ఉన్నప్పుడే మంచివారు. ఆ మంచితనాన్ని పట్టుకునే ఒకడు ఆమెను వాడుకున్నాడు. అందుకే ఆమెను ఎరగని మీకు కూడా చెప్పాలని కూర్చున్నాను.

నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆమె మా చర్చిలో సండే స్కూల్ టీచరమ్మ. రేకుల గదిలో చాప పరిచి, పిల్లలను వయసును బట్టి కాక అల్లరిని బట్టి కూర్చోబెట్టేవారు. బాగా అల్లరి చేసేవాళ్ళు ఆమె మోకాలికి ఆనుకుని కూర్చోవాలి. నా చోటు ఎప్పుడూ అక్కడే. అబద్ధమాడితే కొట్టేవారు కాదు. "మాట జారింది గదా, పోయి ఎత్తుకరా" అనేవారు. అంటే ఎవరి ముందు అబద్ధమాడామో వాళ్ళ ముందే నిలబడి నిజం చెప్పి రావాలి. ఒకసారి కోతపండుగకు బల్ల మీద కానుకగా పెట్టిన జామకాయల్లో ఒకటి కొరికి ఉంది. ఎలుక కొరికిందని అప్పటి పాస్టరుగారి కొడుకు చెప్పాడు. టీచరమ్మ కాయను తిప్పి తిప్పి చూసి, "ఎలుకకు గూడ ముందటి పన్ను ఊడిందా బిడ్డా?" అని అడిగారు. వాడు సంఘమంతటి ముందు నిలబడి మాట ఎత్తుకున్నాడు. పాస్టరుగారు నోరెత్తలేదు. ఆమె అంటే అంత గౌరవం, కాస్త భయం కూడా.

వారమంతా ఆమెకు మల్లాపూర్‌లో ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ పని. గోళీల పట్టీలు బెల్టు మీద వస్తుంటే చూసి ఏరాలి. "పట్టీల ఒక్క గుంత ఖాళీగున్నా పట్టీ మొత్తం పక్కకే. మిగిలినయి మంచిగున్నయని ఊకోరు" అనేవారు. మనుషులను కూడా అలాగే చూసేవారు, ముఖ్యంగా తనను తాను. ఇంటికొచ్చి చింతకాయ తొక్కు నూరేవారు. ఉప్పు తగ్గించమని డాక్టరు చెప్పాక కూడా నూరడం మానలేదు. తాను తినడం మాని మాకు పంచడం మొదలుపెట్టారు. "నాకొద్దన్నది నీకు పెడుతున్న, తిట్టుకోకుంట తిను" అని గిన్నె చేతిలో పెట్టేవారు. ఆ తొక్కు తిని పెరిగిన నాలుకతోనే ఇప్పుడు ఇంతమందిని తిడుతున్నాను.

బీపీ గోళీ దగ్గర ఆమె మహా పట్టుదల మనిషి. పొద్దున చాయ్ తాగడం, బస్తీ దవాఖానాలో ఇచ్చిన గోళీ వేసుకోవడం, ఆ తర్వాతే మిగతా పని. ఏళ్ళ తరబడి అంతే.

మా చర్చి స్త్రీల కూడికకు ఒక బ్రదర్ రావడం మొదలుపెట్టాడు. మా సంఘం మనిషి కాదు. పుట్టగొడుగుల పొడి, క్యాప్సూళ్ళు అమ్మే ఏదో కంపెనీలో లీడరట. పేరు రాయను, రాస్తే అదీ అతనికి ప్రచారమే. ప్రార్థన చేసి, వాక్యం చదివి, ఆ తర్వాతే సంచి తెరిచేవాడు. 'రోజువారీ ఆరోగ్యానికి పుట్టగొడుగులు: కొత్తవారికి పరిచయం' అని నిగనిగలాడే కరపత్రం పంచాడు. టీచరమ్మకు అనుమానం రాలేదు. "చిన్నప్పుడు ఉరుములకు పుట్టకొక్కులు లేస్తే కొంగుల ఏరుకొచ్చేటోళ్లం. దేవుడు మొలిపిచ్చినదాంట్ల దోషమేముంటది?" అన్నారు. మోకాళ్ళ నొప్పి ఉండేది, నిద్ర సరిగ్గా పట్టేది కాదు. పొడిని వేడినీళ్ళలో కలుపుకుని తాగారు. నిద్ర బాగా పడుతోందన్నారు. పట్టి ఉండొచ్చు, నేను కాదనను.

ఆ కరపత్రం చెప్పని పరిచయం నేను చెప్తాను. ఆమె పోయాక బస్తీ దవాఖానా డాక్టరమ్మ దగ్గర కూర్చుని అడిగి తెలుసుకున్నదే ఇది. రీషి, లయన్స్ మేన్, కార్డిసెప్స్, చాగా, ఇలా కొన్ని రకాల పుట్టగొడుగులను ఎండబెట్టి పొడిగానో, సారం తీసి క్యాప్సూళ్ళుగానో, కాఫీలో కలిపో అమ్ముతారు. మనం కూర వండుకునేవి వేరు. చైనా, జపాన్ వైపు కొన్నింటిని ఇంటి వైద్యంలో చాలా కాలంగా వాడుతున్నారు. పరిశోధనలు జరుగుతున్నాయి కానీ, ఫలానా జబ్బును నయం చేస్తాయని గట్టిగా చెప్పేంత రుజువు ఇంకా లేదు. వీటిని అమ్మేది ఆహారం కింద, మందు కింద కాదు. కొన్ని రకాలు రక్తాన్ని పలచబరచవచ్చు. బీపీ, షుగర్ గోళీలతో కలిస్తే బీపీ, షుగర్ మరీ పడిపోవచ్చు. కొందరికి కాలేయం దెబ్బతినవచ్చు. వాడాలనుకుంటే ముందు ఆ డబ్బా తీసుకెళ్ళి మీ డాక్టరుకు చూపించండి. ఆపరేషన్ ఉంటే తప్పకుండా చెప్పండి. ఒంటికి పడకపోతే ఆపేయండి. వాడుతున్న గోళీలు మాత్రం మీ అంతట మీరు ఆపకండి. పుట్టగొడుగు మీద నాకు కోపం లేదు. అది దాని మానాన ఏదో చెట్టు మొద్దు మీద మొలిచింది, సాక్ష్యం చెప్పమని ఎవరినీ అడగలేదు.

అడిగింది మనుషులు. ఉప్పల్‌లో ఒక ఫంక్షన్ హాలులో కంపెనీ మీటింగు పెట్టారు. మధ్యలో 'సాక్ష్యాల సమయం' అన్నారు. చర్చి అలవాటు లేనివారికి ఇది చెప్పాలి. మాలో సాక్ష్యం అంటే దేవుడు చేసిన మేలును సంఘం ముందు లేచి చెప్పడం. కోర్టులో ప్రమాణం చేసి తప్పినవాడినైనా క్షమిస్తారేమో గానీ సాక్ష్యం తప్పినవాడిని క్షమించరు. అంత బరువైన మాటను తెచ్చి సరుకు అమ్మకానికి అతికించారు. ఆ వారం టీచరమ్మకు దవాఖానాకు వెళ్ళడం కుదరక మొదటిసారి గోళీలు అయిపోయాయి. అంతే, మానేయాలని మానేసింది కాదు. అది తెలిసి ఆ బ్రదర్ పక్కకు వచ్చి, "గోళీల సంగతి గూడ చెప్పున్రమ్మా, వింటే జనానికి ధైర్యం" అన్నాడట. పక్కనే ఉన్న కూతురు విన్నది. టీచరమ్మ మైకు పట్టుకుని, "ఇప్పుడు నేను బీపీ గోళీ ఏసుకుంటలేను, అయినా మంచిగున్న" అన్నారు. ఆ పూటకు అది నిజమే. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది.

ఆ తర్వాత ఆమె గోళీలు తెచ్చుకోలేదు. కూతురు చెబితే నేనే దవాఖానాకు ఆమె చీటీ తీసుకెళ్ళి తెచ్చి ముందు పెట్టాను.

"ఎందుకు తెచ్చుకుంటలేరు టీచరమ్మా?"

"అంతమంది ముందల లేచి చెప్పిన బిడ్డా. ఇప్పుడు ఇంట్ల కూసొని చాటుంగ మింగితే అది సాక్ష్యమెట్లయితది?"

"మాట జారితే పోయి ఎత్తుకరమ్మని మీరే గదా నేర్పింది."

"జారితే ఎత్తుకొస్తరు. నేను జారలే. చెప్పిన మాట నిలబెట్టుకుంటున్న."

"మాట కోసం పానం మీదికి తెచ్చుకుంటరా?"

"మంచిగనే ఉన్న గదనే. నడుస్తలేనా, వండుతలేనా? జర ఫికర్ తక్కువ జెయ్యి."

బీపీ చేసే మోసమే అది. పెరిగినా నొప్పి పుట్టదు, మనిషి నడుస్తూనే ఉంటుంది, వండుతూనే ఉంటుంది. పట్టీని నా చేతిలోనే తిరిగి పెట్టి, చాయ్ తాగి పొమ్మన్నారు. ఇప్పటి పాస్టరుగారి దగ్గరకు వెళ్ళి మీరైనా చెప్పండని బతిమాలాను. "విశ్వాసం విషయంల మనం బలవంతం జెయ్యలేం తల్లీ" అన్నారాయన. గోళీ మింగడం విశ్వాసం విషయం ఎప్పుడయిందో ఆయనే చెప్పాలి.

ఒక పొద్దున చాయ్ పొయ్యి మీద పెట్టి, వంటింట్లోనే కూలబడ్డారు. మాట పడిపోయింది. దవాఖానాలో డాక్టరు మొదట అడిగింది, బీపీ గోళీలు వాడుతున్నారా అని. కూతురు నా మొహం చూసింది. మర్నాడు నేను పనికి వెళ్ళినప్పుడే ఆ ఫోన్ వచ్చింది.

పోయినవారి ఇంటివాళ్ళను ఓదార్చడానికి పెట్టే ఆదరణ కూడికకు ఆ బ్రదర్ కూడా పూలదండ పట్టుకుని వచ్చాడు. గేటు బయట ఆపాను.

"మేమెప్పుడు గోళీలు బందు జెయ్యమని చెప్పలేదు సిస్టర్. డాక్టర్‌ను అడగమని కాగితం మీద గూడ రాసి ఉంటది" అన్నాడు.

రాసే ఉంది, అట్టడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో.

"మరి ఆమె చెప్తుంటే చప్పట్లెందుకు కొట్టిచ్చిన్రు?"

"అది ఆమె సాక్ష్యం సిస్టర్. అండ్ల నాదేముంది?"

ఆ సాక్ష్యాన్ని వీడియో తీసి వాట్సాప్ గ్రూపుల్లో తిప్పుతున్నారని నాకు అప్పుడే తెలిసింది. తీసేయమన్నాను. అందరి ఫోన్లలోకి పోయింది, ఇప్పుడు తన చేతుల్లో లేదన్నాడు. లోపలికి వెళ్ళి దండ వేసి, కళ్ళు మూసుకుని ప్రార్థన కూడా చేశాడు. కూతురితో ఆ సంగతి చెబితే, తన ఫోన్లో ఉన్నదైనా తీసేస్తుందనుకున్నాను. "మమ్మీ గంత మంచిగ నవ్వింది ఇంకే వీడియోల లేదక్కా" అంది.

పోయిన ఆదివారం అది నా ఫోన్‌కే వచ్చింది. మల్కాజిగిరిలో ఉండే నా తోటి ఉద్యోగి పంపింది. "ఈ అమ్మ మీ నాచారమేనంట. మా అత్తమ్మకు గూడ తెప్పిద్దామనుకుంటున్న" అని కింద రాసింది. వెంటనే ఫోన్ చేసి, ఆ అమ్మ ఇప్పుడు లేదని, ఎందుకు లేదో చెప్పాను. "నాకు పంపినోళ్లకు గూడ చెప్తనే" అంది. ఆ పంపినవాళ్ళకు పంపినవాళ్ళకు ఎవరు చెప్తారు?

అప్పుడు ఆ వీడియోను మొదటిసారి చివరిదాకా చూశాను. టీచరమ్మ తెల్లచీర కట్టుకుని, తల మీద కొంగు వేసుకుని ఉన్నారు. చెప్పాల్సింది చెప్పి, చప్పట్లు ఆగేదాకా నవ్వుతూ నిలబడ్డారు. ఆ తర్వాత పక్కకు, వీడియోలో కనబడని మనిషి వైపు తిరిగి, పాఠం అప్పజెప్పిన పిల్లలా అడిగారు: "చాలా బ్రదర్? ఇంకేమన్న చెప్పాల్నా?"