ఆముదంతో ఆగిన లారీ

1948 చివర్లో, పోలీసు యాక్షన్ ముగిసిన కొన్ని వారాలకు, నన్ను నల్గొండలోని మిలిటరీ వాహనాల మరమ్మతు శిబిరానికి సివిల్ ఫిట్టరుగా పంపారు. మాది మహబూబ్‌నగర్ జిల్లా ఆత్మకూర్. అంతకుముందు హైదరాబాదులో బస్సుల షెడ్డులో నాలుగేళ్లు పని నేర్చుకున్నాను. శిబిరంలో మా పైఅధికారి ఒక సుబేదారు. ఉత్తరాది మనిషి, మంచివాడే. కానీ ఆయన మాటకు ఎదురు చెప్పే అలవాటు అక్కడ ఎవరికీ లేదు.

నేను చేరిన మూడో వారంలో ఒక ఉదయం దవాఖాన డాక్టరుగారు పరుగున వచ్చారు. దేవరకొండ అవతల, డిండి వాగు దగ్గర ఒక ఊళ్లో కలరా పుట్టింది. సెలైన్ సీసాలు, మందులు, ఇద్దరు కాంపౌండర్లతో మర్నాడు తెల్లవారగానే బయల్దేరాలి. ఆ రోజు శిబిరంలో నడిచే బండి ఒక్కటే మిగిలింది, యుద్ధకాలపు మూడు టన్నుల లారీ. దాని డ్రైవరు కట్టంగూర్ మల్లయ్య, గొర్ల కాపరుల ఇంట పుట్టి స్టీరింగు పట్టినవాడు. నాకంటే పదేళ్లు పెద్దవాడైనా నన్ను ఉస్తాద్ అనే పిలిచేవాడు.

"ఉస్తాద్, బ్రేకు పడితె ఇడుస్తలేదు. ఇడిస్తె మల్ల పడ్తలేదు. గీ బండితోని వాగు దిగుడంటె సావుడే" అన్నాడు.

విప్పి చూశాను. కాలితో పెడల్ తొక్కితే మాస్టర్ సిలిండరులోని ద్రవం గొట్టాల గుండా చక్రాలకు పోయి బ్రేకులను నెడుతుంది. ఆ ద్రవం బయటికి పోకుండా పట్టి ఉంచేవి రబ్బరు వాషర్లు. అవి ఉబ్బి మెత్తబడ్డాయి. ఎవరో ఇంజనాయిల్ పోశారు! అందరూ బ్రేక్ ఆయిల్ అంటారు గానీ అది మామూలు నూనె కాదు. యంత్రాల నూనె ఆ రబ్బరుకు విషం.

వాషర్లు తుక్కు లారీ నుంచి దొరికాయి. ద్రవానికి స్టోరులో ఉన్నది లేబుల్ చెరిగిన డబ్బా ఒక్కటే. సుబేదారు దాన్ని తెప్పించి, పొయ్యమని హిందుస్తానీలో ఆజ్ఞాపించాడు. వేలికి రాసుకుని వాసన చూశాను. ఇదీ ఇంజనాయిలేనేమోనని అనుమానం వచ్చింది. రెండు గంటలు గడువివ్వమని అడిగాను. ఆయన గడియారం చూసుకుని సరేనన్నాడు.

ఆ నూనెను గ్లాసులో పోసి, తుక్కు లారీ వాషర్లలో మిగిలిన ఒకటి వేసి, గ్లాసును వేడినీళ్లలో నిలబెట్టాను. ఇంకో వాషరును పొడిగా పక్కన పెట్టాను. రెండు గంటల తర్వాత పొడి వాషరు సిలిండరులోకి సులువుగా జారింది. నూనెలోది ఉబ్బి, ఎంత నెట్టినా దూరలేదు. సుబేదారు తనే రెండుసార్లు నెట్టి చూశాడు. తర్వాత, మరి ఏం పోస్తావని అడిగాడు.

అప్పుడు మా షెడ్డు మేస్త్రీ మాట గుర్తుకొచ్చి ఎగిరి గంతేసినంత పనిచేశాను. ఆ రోజుల్లో బ్రేకు ద్రవాన్ని ఆముదం, స్పిరిటు కలిపి చేసేవారు. నల్గొండలో ఆముదానికి కరువా? ఊరు దాటితే అన్నీ ఆముదపు చేలే!

స్పిరిటు కోసం డాక్టరుగారి దగ్గరికి ఉరికితే, "ఉన్నదంత తీస్కపో. నాకు గక్కడికి చేరుడు ముఖ్యం" అని సీసాలు చేతికిచ్చారు. ఆముదానికి మల్లయ్యా నేనూ గానుగ ఇంటికి వెళ్లాం. ఇళ్లల్లో గింజలు దంచి నీళ్లలో వండి తీసే ఆముదం పనికిరాదు, దానిలో తడి మిగులుతుంది. గానుగలో ఆడినదే కావాలి.

"గింతెందుకు బిడ్డా, ఎవలికి?" అంది గానుగ అవ్వ.

"లారీకి అవ్వా."

"లారీకి గూడ కడుపు సాఫ్ గాలేదా?" అని ఆమె నవ్వితే, మల్లయ్య ఆముదపు కుండ పట్టుకుని నవ్వుతో ఊగిపోయాడు.

దాన్ని కాచి తడి పోగొట్టి, చల్లార్చి, సన్నటి గుడ్డలో రెండుసార్లు వడగట్టి స్పిరిటుతో సగానికి సగం కలిపాను. చుక్క కూడా విడిపోలేదు! గొట్టాలను స్పిరిటుతోనే కడిగి, కొత్త ద్రవం పోసి, గాలి తీయడం మొదలుపెట్టాం. గొట్టంలో బుడగ ఉంటే పెడల్ మెత్తగా దిగిపోతుంది గాని బ్రేకు పడదు. మాస్టర్ సిలిండరుకు దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టాలి. మల్లయ్య తొక్కి పట్టుకుంటే నేను కింద స్క్రూ వదులు చేసి, బుడగలు పోయాక బిగించాలి. నాలుగో చక్రం అయ్యేసరికి పొద్దు వాలింది.

"పెడల్ రాయి లెక్కయింది ఉస్తాద్!" అని మల్లయ్య పైనుంచి కేక పెట్టాడు.

మర్నాడు నేనూ బండెక్కాను. దేవరకొండ దాటాక దారి వాగువైపు దిగుతుంది. మలుపు తిరిగామో లేదో, "రోడ్డు తెగింది!" అని అరుస్తూ మల్లయ్య పెడల్ మీద నిలబడ్డాడు. చక్రాలు కీచుమన్నాయి. సీసాల పెట్టెలు వచ్చి ముందు పలకకు కొట్టుకున్నాయి. లారీ ఆగింది. దిగి చూస్తే ముందు చక్రాలకు రెండడుగుల దూరంలో మనిషి లోతు కందకం!

అవతలి గట్టు మీద పది మంది రైతులు నిలబడి చూస్తున్నారు. మల్లయ్య దవాఖాన బండి అని అరిచాడు.

"రజాకార్ల మోటర్లు రావద్దని మేమే తవ్వినం సారూ! జర ఆగుండ్రి, పూడుస్తం!" అంటూ పారలకు ఉరికారు. డాక్టరుగారు కూడా కోటు విప్పి మట్టి లాగారు. గంటలో లారీ దాటింది. రజాకార్లకని తవ్విన కందకంలో మేం పడబోయామని నాకు, మల్లయ్యకు నవ్వు ఆగలేదు. సీసా ఒక్కటీ పగల్లేదు. మేం ఊరు చేరేటప్పటికే కలరాతో ముగ్గురు పోయారు. సెలైన్ ఎక్కినవాళ్లలో చాలామంది లేచి కూర్చున్నారు.

తిరిగొచ్చాక సుబేదారు సంబరపడి, అన్ని బండ్లకూ అదే పొయ్యమన్నాడు. ఈసారి గడువు అడగలేదు, కుదరదనే చెప్పాను. బ్రేకు కాగితే స్పిరిటు ఆవిరై గొట్టంలో గాలి బుడగలాగే పనిచేస్తుంది. చలికి ఆముదం చిక్కబడుతుంది. లాగ్‌బుక్కులో ఆ లారీ పేజీలో ఎర్ర సిరాతో 'తాత్కాలికం' అని రాసి సంతకం చేశాను. అసలు బ్రేకు ద్రవం డబ్బాలు వచ్చిన రోజే దాన్నంతా తీసి పారబోశాను.

తర్వాత నా సర్వీసు మొత్తంలో, లేబుల్ ఉన్న డబ్బానైనా సరే, ఒక వాషరు వేసి చూడకుండా బండిలో పోయలేదు. అవసరానికి చేసిన పనిని అవసరానికి చేశామని రాసిపెట్టాలి. లేకపోతే తర్వాత వచ్చేవాడు దాన్నే పద్ధతి అనుకుంటాడు.