నర్సక్క వేసిన పుస్తకాలు

నేను పనిచేసే కోచింగ్ కాలేజీలో, మా గది వెనక వరండాలో బైండింగ్ జరుగుతుంది. పరీక్షలు దగ్గరపడితే అక్కడ స్టవ్ మీద మైదా జిగురు ఉడుకుతుంది. పురుగు పట్టకుండా అందులో కాస్త మైలుతుత్తం వేస్తారు. ఆ వాసన, మార్కెట్ యార్డు నుంచి గాలికొచ్చే మిర్చి ఘాటుతో కలిసి కిటికీలోంచి లోపలికొస్తుంది. ఈ మధ్య అది తగిలినప్పుడల్లా నా చేతులు కీబోర్డు మీదే ఆగిపోతున్నాయి. పొద్దుటి నుంచీ పరీక్ష బిట్లు టైపు చేసి మొద్దుబారిన తలకి, ఖమ్మంలోనే ఒక సందులో ఇదే జిగురు వాసనతో ఉండిన రెండు గదుల ఆఫీసు గుర్తొస్తుంది. అక్కడ నాకు పని నేర్పిన నర్సక్క గుర్తొస్తుంది.

ఆమె పూర్తి పేరు వెంకటనర్సమ్మ. బొగ్గుబాయిలో పనిచేసే భర్త చనిపోయాక ఖమ్మం వచ్చి, పుస్తకాలు అచ్చువేయడం మొదలుపెట్టింది. హాస్యకథలు, ఊళ్ల చరిత్రలు, డిటెక్టివ్ నవలలు, ఎప్పుడో అచ్చయి దొరక్కుండా పోయిన వంటల పుస్తకాలు, అన్నీ ఒకే బీరువాలో ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఉండేవి. "కిరాణా కొట్టు లెక్క పెట్టినవేంది నర్సమ్మా" అని పుస్తకాల షాపుల వాళ్లు ఎగతాళి చేస్తే, "ఇంట్ల అందరు ఒక్కటే తింటరా?" అనేది. డిగ్రీ అయ్యాక టైపింగు పని కోసం ఏన్కూరు నుంచి నేను వెళ్లిన రోజున ఆమె నా సర్టిఫికెట్లు చూడలేదు. చివరి పేజీలు తీసేసిన ఒక డిటెక్టివ్ నవల రాతప్రతి చేతిలో పెట్టి, అక్కడే కూర్చుని చదవమంది. సాయంత్రానికి ముగించాను.

"ఎవరు సంపిన్రు?" అని అడిగింది.

"తెల్వదు మేడం."

"మేడం గాదు, అక్క అను. తెల్వకపోతే మంచిదే. నీకు తెల్సిపోతే ఆ రాసినాయన్ని మళ్ల రాయమందామనుకున్న. రేపటి సంది రా."

చరిత్ర పుస్తకాన్ని ఎంత జాగ్రత్తగా చూసేదో వంటల పుస్తకాన్నీ అంతే జాగ్రత్తగా చూసేది. ఒక పాత పుస్తకంలోని సోలలూ గిద్దెలూ నేను గ్రాముల్లోకి మారిస్తే ఒప్పుకోలేదు. ప్రతి వంటా వెనక గదిలో వండి చూసేది. మధ్యాహ్నం అదే మాకు భోజనం. కొన్ని నోట పెట్టలేకపోయేవాళ్లం. ఆ పుస్తకంలోనే ఇప్పపువ్వు ఉండల గురించిన పేజీని సగం దాకా చెదలు తినేశాయి. "నువ్వులు కలపాలని రాస్తే సరిపోతది గదక్కా" అన్నాను. "నీకు తెల్సా, అనుకుంటున్నవా?" అంది. ఆ వారమే నన్ను వెంటబెట్టుకుని బూర్గంపాడు దాటి, అడవి అంచున ఉన్న ఒక కోయగూడేనికి బయల్దేరింది.

ఈరమ్మ అనే ముసలామె ఎండిన ఇప్పపువ్వు మూకుట్లో వేయించి, రోట్లో దంచి, ఉండలు కట్టి మా చేతుల్లో పెట్టింది. "మేం గిట్ల చేస్తం. మీ పుస్తకం రాసినామె ఎట్ల చేసిందో నాకేం ఎరుక" అంది. నర్సక్క పుస్తకంలో ఆ సగం పేజీని ఖాళీగానే వదిలి, కింద 'మిగతాది చెదలు తిన్నది' అని అచ్చు వేయించింది. ఎదురు పేజీలో ఈరమ్మ చెప్పిన తీరు ఈరమ్మ పేరుతోనే వచ్చింది. అయితే ఆ ప్రయాణం అక్కడితో అయిపోలేదు. ఆ రోజు గూడెంలో పువ్వు ఎక్కడిదని అడిగితే ఈరమ్మ దూరంగా ఒక పత్తిచేను చూపించింది. నడిమధ్య నాలుగు ఇప్పచెట్లు నిలబడి ఉన్నాయి.

"ఆ చెట్ల కాడ మా ఊరుండె. నా చిన్నతనాన ఎల్లగొట్టిన్రు" అంది, వంట సంగతి చెప్పినంత మామూలుగా.

తిరిగి రాగానే నర్సక్క ఒక కాగితాల కట్ట ముందేసుకుంది. ఆ ప్రాంతపు ఊళ్ల చరిత్ర అప్పటికే మా దగ్గర టైపు అవుతోంది. రాసినది వీరభద్రం సారు, రిటైరైన పంతులు. అందులో ఆ ఊరి గురించి ఒకే వాక్యం ఉంది, విషజ్వరాలతో ఊరు ఖాళీ అయిందని. మర్నాడు ఆయన్ని పిలిపించి, "జ్వరం ఎవరికొచ్చింది సారూ?" అని అడిగింది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఆ భూమి దున్నుకునేటోళ్లు చెప్పిందే రాసిన నర్సమ్మా. గూడేనికి పోలే."

"పోదాం పాండ్రి."

ఇద్దరూ కలిసి చాలాసార్లు వెళ్లారు. ఊరిని ఎవరు, ఎలా వెళ్లగొట్టారో రాసేసరికి ఒక్క వాక్యం రెండు పేజీలయింది. అచ్చుకు పోకముందే సంగతి ఎలా తెలిసిందో, ఆ పత్తిచేను గల కుటుంబంలోని ఒకతను మిఠాయి డబ్బాతో ఆఫీసుకొచ్చాడు. గొంతు పెంచలేదు. "మా తాత పేరు ఖరాబ్ చేసుడెందుకమ్మా? ఆ రెండు పేజీలు తీసెయ్. మా స్కూళ్లన్నిట్ల నీ పుస్తకాలే పెట్టిస్త. వంటల పుస్తకాలేసుకో, మంచిగుంటయి."

"వంటల పుస్తకంల తెల్వని కాడ ఖాళీ ఇడిచిన బిడ్డా. తెల్సిన కాడ ఎట్ల ఇడుస్త?" అని, డబ్బా తీసి అతని చేతికే ఇచ్చింది.

పుస్తకం వచ్చింది. నెల తిరగకుండానే మా పుస్తకాల కట్టలు షాపుల నుంచి వెనక్కి రావడం మొదలైంది. చరిత్ర ఒక్కటే కాదు, హాస్యం, డిటెక్టివ్, వంటలు, అన్నీ. ఎవరూ కారణం చెప్పలేదు. నాకు ఆమె మీదే కోపం వచ్చింది. "రెండు పేజీల కోసం అన్ని పుస్తకాలు ఆగిపోయినయక్కా" అన్నాను. "అవ్. నాకూ నిద్ర పడ్తలేదు. తీసేస్తే పడ్తదని గ్యారంటీ ఏంది?" అంది.

పుస్తకం తీసుకుని గూడెం వెళ్లాం. అక్కడ వీరభద్రం సారు ఆ రెండు పేజీలూ పైకి చదివాడు. ఈరమ్మ చివరిదాకా వింది. "వంటల పుస్తకంల నా పేరుంది. దీంట్లనూ ఉంది. ఊరే లేదు" అంది. ఆ పత్తిచేను ఇప్పటికీ ఆ మిఠాయి డబ్బా తెచ్చినతని కుటుంబానిదే.

పుస్తకాలు అమ్ముడుపోక ఆఫీసు ఖాళీ చేశాక నేను కాలేజీలో చేరాను. నర్సక్క కిడ్నీలు పాడై దవాఖానాలో పడింది. సాయంత్రాలు వెళ్లి, అచ్చు కాకుండా మిగిలిపోయిన హాస్యకథల ప్రూఫులు చదివి వినిపించేదాన్ని. కళ్లు మూసుకునే, "ఇక్కడ నవ్వు రాలే, కొట్టెయ్" అనేది.

"ఇగ దీన్ని ఎవరు వేస్తరక్కా?"

"వేసేటోళ్లు లేకుంటే తప్పు ఉంచాల్నా?"

అలా చదువుతున్న ఒక సాయంత్రమే తన భర్త సంగతి చెప్పింది. నేను అడగలేదు. "మా ఆయన షిఫ్టు దిగొచ్చి, బువ్వకు ముంగట ఒక్క పేజీ చదివేటోడు. కండ్లు మూతలు పడుతుండె. ఆ పేజీ గజిబిజిగుంటే పుస్తకం పక్కకు పెట్టి, నాకు సదువు అబ్బలేదే అనేటోడు. తప్పు ఆయనది గాదు, రాసినోళ్లది. ఆ ముచ్చట ఆయనకు చెప్పకముందే పోయిండు." కాస్త నీళ్లు తాగి, "ఊ, చదువు" అంది. వానలు పడకముందే ఆమె కూడా పోయింది.

ఆమె పనిని మళ్లీ నిలబెట్టే సత్తువ నాలో లేదు. ఇల్లు చేరేసరికి ఒక్కోరోజు అన్నం తినే ఓపికా ఉండదు. కానీ బిట్లు టైపు చేస్తుంటే అప్పుడప్పుడు ఒక ప్రశ్న ఎదురవుతుంది, నాలుగు వరుసలు సాగి, ఏం అడుగుతోందో తెలియకుండా ముగిసేది. ఏ పల్లె నుంచో వచ్చి హాస్టల్లో ఉంటున్న పిల్ల, రోజంతా క్లాసులు విని అలసిపోయి, దాన్ని రెండుసార్లు చదివి, తనకే చదువు రాదనుకుంటుంది. "టైం లేదు మేడం, ఉన్నది ఉన్నట్టు కొట్టండి" అంటాడు మా మేనేజరు. సరేనంటాను. అతను అటు తిరగగానే ఆ వాక్యాన్ని రెండుగా విరుస్తాను.