పాటల కోసం ఇచ్చిన మెమరీ కార్డు

పాల్వంచలో బీఈడీ చదివే రోజుల్లో, క్రిస్మస్ పాటలు ఎక్కించమని నా ఫోన్‌లోని మెమరీ కార్డు తీసి సెల్ షాపులో ఇచ్చాను. అందులో నా ఫోటోలున్న సంగతే గుర్తురాలేదు.

వారం తిరక్కముందే, ప్లాంటులో షిఫ్టు దిగి వచ్చిన నాన్న చెప్పులైనా విప్పకుండా తన ఫోన్ నా చేతిలో పెట్టాడు. ఎవరిదో పాడు ఫోటోకి నా ముఖం అతికించి ఉంది.

"నేను కాదు నాన్నా!"

"నాకెరుకే బిడ్డా. కంపెనీ బస్సుల అందరి ఫోన్లల్ల తిరుగుతున్నది. నీ బిడ్డేనా అని నాగ్గూడ బ్లూటూత్‌ల పంపిన్రు. జల్దీ తీసెయ్, నాకు తీసుడు రాదు."

తీసేశాను.

"పోయిందా?"

"పోయింది."

మర్నాడు నాన్న తల దించుకుని అదే బస్సెక్కడం కిటికీలోంచి చూశాను. అందులో ఎన్ని జేబుల్లో నా ముఖం ఉండిపోయిందో ఈరోజుకీ నాకు తెలియదు.